తమ్మిలేరుకు మెట్లు కావాలి

ఖమ్మం జిల్లా గుట్టల్లో పుట్టిన తమ్మిలేరు చింతలపూడి మండలం నాగిరెడ్డిగూడెం జలాశయంలో కాసేపు ఆగుతుంది. అక్కడి పూర్తి నీటిమట్టం 355 అడుగులు. వానాకాలంలో మట్టం ఆ అంకెకు చేరువవుతోందంటే, దిగువన ఏలూరు ఏటిగట్టు వీధుల్లో కంటిమీద కునుకుండదు.

ముసునూరు మండలం బలివేలో మాత్రం ఏరంటే పండగ. రామలింగేశ్వరుడి గుడి ఒడ్డునే ఉంది. శివరాత్రికి వేలమంది ఏట్లో స్నానం చేసి స్వామిని చూస్తారు. దిగేందుకు చోటుంటే జనం వాళ్లంతట వాళ్లే వస్తారు.

దొండపాడు దగ్గర ఏరు రెండు పాయలవుతుంది. తూర్పు, పడమర పాయలు ఏలూరును చెరోవైపునా చుట్టేస్తాయి. ఇన్ని నీళ్ల నడుమ ఉన్న ఊరికి ఏటితో పరిచయం ఎక్కువగా వరద రోజుల్లోనే! 2020 అక్టోబరులో నీళ్లు ఊరి మీదకొచ్చాయి. నవంబరులో గట్లకు రక్షణ గోడల పనులకు శంకుస్థాపన జరిగింది. గోడ తప్పనిసరి, అందులో సందేహం లేదు. కానీ గోడ ఒక్కటే కట్టి ఊరుకుంటే పిల్లలకు ఏరు కనిపించకుండా పోతుంది.

గోడ కట్టి కూడా ఏటిని జనానికి దగ్గర చేయవచ్చని విజయవాడ కృష్ణలంక చూపించింది. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పోయింది. ఆ తర్వాత విడతలవారీగా గోడ లేచింది. దాని వెంట నది ఒడ్డున వేసిన పార్కు 2024 మార్చిలో తెరుచుకుంది. అదే ఏడాది సెప్టెంబరు ఆరంభంలో అంతకుమించిన వరద, 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది. గోడ వెనక కృష్ణలంక నిలిచింది. అదే రోజుల్లో విజయవాడలోనే మరోవైపు బుడమేరు వాగు సింగ్‌నగర్‌ను ముంచేసింది.

ఆ బుడమేరు చేరేదీ కొల్లేటికే, ఈ తమ్మిలేరు చేరేదీ కొల్లేటికే. 1999లో అభయారణ్యమై, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన ఈ సరస్సును చేపల చెరువులు ఎంతగా కమ్మేశాయంటే, 2006లో ప్రభుత్వమే వాటి గట్లు తెగ్గొట్టించాల్సి వచ్చింది. ఇంత నీటికి సముద్రం దారి ఉప్పుటేరు ఒక్కటే. కొల్లేరు నిండితే పైనున్న ఏళ్లలో నీరు త్వరగా దిగదు.

అందుకే ఏలూరులో ఏటి వెడల్పును అంగుళం కూడా తగ్గించకూడదు. గోడకు ఏటివైపు వారం రోజులు మునిగినా చెక్కుచెదరని రాతిమెట్లు, నడకబాట చాలు. నీడనిచ్చే చెట్లు, బల్లలు, టీ బళ్లు గోడకు ఊరివైపే ఉండాలి. శనివారపుపేట వైపు నుంచి ఒక్క ఫర్లాంగు ఇలా చేసి చూపిస్తే, మిగతా గట్టు సంగతి ఏలూరు జనమే అడిగి చేయించుకుంటారు.