తక్కువైతే మాది, ఎక్కువైతే బ్యాంకుది

రాజాంలో మా బ్యాంకు క్యాష్ కౌంటర్లో కూర్చుంటే చుట్టుపక్కల ఊళ్ల బతుకంతా కళ్లముందుకొస్తుంది. గోగునార అమ్మిన రైతు, జ్యూట్ మిల్లు కార్మికుడు, హైదరాబాదు పనికెళ్లిన కొడుకు పంపే డబ్బుకోసం వచ్చే తల్లి. ‘మా గుంటడు డబ్బులేసినాడట బాబూ, పడ్డాయేటి?’ అనే ప్రశ్న రోజూ వినాల్సిందే.

నేను చేరినప్పుడు నోట్లు చేత్తోనే లెక్కపెట్టేవాళ్లం. వంద నోట్లయితే ప్యాకెట్టు, పది ప్యాకెట్లయితే బండిల్. ప్యాకెట్లకు కొట్టిన పిన్నులు ఊడదీయడానికి గోళ్లు అరిగేవి, నోట్లకు చిల్లులు పడేవి. 2001లో పిన్నులు మానేసి కాగితపు పట్టీలు చుట్టమని రిజర్వు బ్యాంకు ఆదేశించాక వేళ్లకు ఊరట దొరికింది. తర్వాత మెషీన్లొచ్చాయి. అయినా కొంగున ముడేసి తెచ్చిన నోటు చెమటకు మెత్తబడి మెషీన్లో ఇరుక్కుంటుంది. దాన్ని విప్పి, సాపుచేసి, వెలుతురుకు పట్టి చూడాల్సింది మనిషే.

దొంగనోటు దొరికితే తిరిగివ్వకూడదు. ముద్ర కొట్టి, రసీదిచ్చి, ఉంచేసుకోవాలి. ఒకే విడతలో అయిదు, అంతకుమించి దొరికితే పోలీసు కేసే. తెచ్చినవాడు చాలాసార్లు కూరగాయలమ్ముకునే అమాయకుడే. ఆ రోజు సంపాదన పోయిందని అతనికి చెప్పడం ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టం.

2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు రద్దయ్యాయి. 10న బ్యాంకు తెరిచేసరికి వీధి దాకా వరస. కొత్త రెండువేల నోటు చేతిలో పెడితే ‘దీనికి చిల్లర ఎవడిస్తాడు?’ అనేవారు. మా దగ్గరా వందరూపాయల నోట్లు లేవు. 2024 మేలో ఎన్నికలవేళ పింఛన్లు ఖాతాల్లో వేసినప్పుడు ముసలివాళ్లు ఎండలో నడిచొచ్చారు. పాస్‌బుక్కు ఉన్నా ఖాతా ఆగిపోయినవాళ్లకు డబ్బివ్వలేక, కేవైసీ కాగితాలు అడగాల్సొచ్చేది.

సాయంత్రం కౌంటరు మూశాక అసలు పరీక్ష. కంప్యూటర్లో అంకె, చేతిలో డబ్బు ఒక్కటవ్వాలి. తక్కువైతే మా జేబులోంచి కట్టాలి. ఎక్కువైతే బ్యాంకు ఖాతాకు జమ చెయ్యాలి. లెక్క కుదిరాకే రెండు తాళాలతో, ఇద్దరి సమక్షంలో క్యాష్ లోపలికెళ్తుంది. ఒక్క నోటు తేడా వచ్చినా మళ్లీ మొదట్నుంచి లెక్కే.

అందుకే ఒక్క మనవి. స్లిప్పు మీద ఏ నోట్లు ఎన్నో సరిగ్గా రాయండి. తీసుకున్న డబ్బు కౌంటరు దగ్గరే లెక్కపెట్టుకోండి. వెనక వరస ఉందని మొహమాటపడకండి, మేమేమీ నొచ్చుకోం. గుమ్మం దాటాక తేడా ఉందంటే నిరూపించుకోవడం మీకూ కష్టమే, మాకూ కష్టమే.