కావడి బరువు

బరువు మోయనివాడు లోకమున లేడు. బడిపిల్లవానికి పాఠము బరువు. గృహస్థునకు కుటుంబము బరువు. రాజ్యమేలువానికి ప్రజల యోగక్షేమములు బరువు. ఎంత బరువు మోయుచున్నామనుటలోనే గాక, దానిని ఎట్లు మోయుచున్నామనుటలో కూడ మనుష్యునకు మనుష్యునకు భేదము కలదు. మన పల్లెలకు కుళాయిలు రాకపూర్వము చెరువునుండి మంచినీరు తెచ్చువారు కావడిని వాడెడివారు. వెదురుబద్ద రెండు కొనలకు ఉట్లు కట్టి, వానిలో రెండు బిందెలను సమముగా నుంచి, బద్దను భుజముపై వేసికొని నడచెడివారు. ఆ రెండు బిందెల నీటిని ఒకే పాత్రలో నింపి, ఒక చేత పట్టుకొని నడువుమన్నచో ఎంత బలశాలియైనను కొలది దూరమునకే అలసిపోవును. కావడి నీటి బరువును తగ్గింపలేదు, దానిని పంచినది. మనస్సుపై పడు బరువును గూర్చి నేను మీకు చెప్పదలచినది కూడ ఇదియే. నేటివారు ఆ బరువునకు 'ఒత్తిడి' అని పేరు పెట్టిరి.

ఈ ఒత్తిడి మనస్సు కల్పించుకొనిన వట్టి భ్రమ కాదు. దేహమున నిజముగా జరుగు మార్పు. అమెరికా దేశపు శరీరశాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథమున దీనిని వివరించెను. అడవిలో పోవుచున్న మనుష్యునకు పులి యెదురైనదనుకొనుడు. అతడు పోరాడవలెను, లేదా పరుగెత్తవలెను. ఆ రెంటికిని దేహము క్షణములో సిద్ధమగును. మూత్రపిండములపైన టోపీలవలె అమరియున్న రెండు చిన్న గ్రంథులు ఎడ్రినలిన్ అను ద్రవ్యమును రక్తములోనికి విడుచును. గుండె వేగముగా కొట్టుకొనును, ఊపిరి త్వరితమగును, కండరములకు రక్తము హెచ్చుగా ప్రవహించును, జీర్ణక్రియ మందగించును, అరచేతులు చెమర్చును. పులి తొలగిపోయిన పిమ్మట ఇవి యన్నియు నెమ్మదించును. ప్రశ్నపత్రము పులి కాదు. అయినను దేహము ఆ భేదమును పాటింపదు. పరీక్షశాలలో మీ గుండె దడదడ కొట్టుకొనుటకును, నోరు ఎండిపోవుటకును కారణమిదియే. అది పిరికితనము కాదు. మీ దేహము మిమ్ము కాపాడుటకు చేయు ప్రయత్నము.

1936లో హాన్స్ సెల్యె అను శాస్త్రజ్ఞుడు కెనడా దేశమందలి మాంట్రియల్ నగరమున ఎలుకలపై ప్రయోగములు చేసెను. బాధ ఏ రూపమున వచ్చినను దేహము ఇంచుమించు ఒకే విధమైన లక్షణములను చూపుచున్నదని ఆయన కనుగొనెను. ఆ బాధ చిరకాలము సాగినచో దేహము కొంతకాలము తట్టుకొని, తుదకు అలసిపోవునని కూడ తెలిపెను. ఇనుపదూలము మొదలగువానిపై పడు బలమును లెక్కించుటకు ఇంజనీర్లు వాడుచుండిన 'స్ట్రెస్' అను మాట, తరువాతి కాలమున ఆయన రచనల మూలముగనే మనుష్యుల విషయమున ప్రచారమునకు వచ్చినది.

అట్లని ఒత్తిడి యంతయు శత్రువు కాదు. బుద్ధుని శిష్యులలో సోణుడను భిక్షువు ఉండెను. అతడు శక్తికి మించి సాధనచేసి, ఫలము కానక నిరాశపడెను. గృహస్థుగా నున్నప్పుడు అతడు వీణావాదనమున నేర్పరి. బుద్ధుడు అతనిని సమీపించి, వీణతంత్రి మిక్కిలి బిగువైనప్పుడు ఇంపుగా మ్రోగునా, మిక్కిలి వదులైనప్పుడు మ్రోగునా యని యడిగెను. రెండు విధములను మ్రోగదని సోణుడు బదులు చెప్పెను. ప్రయత్నము కూడ అట్టిదేయని బుద్ధుడు బోధించెను. పరీక్ష యనిన కొంచెమైనను బెదురు లేనివాడు పుస్తకము తెరువడు. బెదురు మితిమీరినవాడు తెరచిన పుస్తకములో అక్షరము చూడలేడు. తంత్రిని త్రెంచివేయుట మన పని కాదు. దానిని శ్రుతిలో నుంచుట మన పని.

శ్రుతి తప్పినదని ఎట్లు తెలియును? రాత్రి నిద్ర పట్టదు. ఉదయము బడికి పోవలసిన వేళకు కడుపునొప్పి వచ్చును. తలనొప్పి మాటిమాటికి తిరిగివచ్చును. చిన్న మాటకే కోపమో ఏడుపో పొంగివచ్చును. నిన్నటివరకు ఇష్టమైన ఆట నేడు రుచింపదు. ఒకటి రెండు దినములైనచో ఇది అందరికిని కలుగునదే. వారముల తరబడి సాగినచో దానిని దాచుకొనరాదు.

భయము ముంచుకొని వచ్చినవాడు ఏమి చేయవలెనో మన మహాభారతమున విరాటపర్వము చక్కగా తెలుపుచున్నది. కౌరవులు విరాటుని గోవులను పట్టుకొనిపోవుచుండగా, ఉత్తరకుమారుడు అంతఃపుర స్త్రీలముందు ఎన్నో బిరుదములు పలికి, బృహన్నలను సారథిగా నుంచుకొని బయలుదేరెను. సముద్రమువలె నున్న కౌరవసేన కంటబడగానే అతని దేహము గగుర్పొడిచెను. రథము దిగి పరుగుతీసెను. ఇంతవరకు చదివి మనము నవ్వుకొందుము. నవ్వుట ముగిసిన పిమ్మట బృహన్నల చేసిన పనిని గమనింపుడు. ఆ బృహన్నల అర్జునుడే. అతడు ఉత్తరుని వెన్నంటి పట్టుకొని, ధైర్యము చెప్పి వెనుకకు తెచ్చెను. 'సేననంతయు నీవే గెలువుము' అని బలవంతపెట్టలేదు. 'నీవు పనికిరానివాడవు, ఇంటికి పొమ్ము' అని విడిచిపెట్టనులేదు. మొదట జమ్మిచెట్టెక్కి, అందు దాచియున్న ఆయుధములను దింపుమనెను. చెట్టెక్కుట ఉత్తరునకు చేతనైన పని. తరువాత పగ్గములు పట్టుమనెను. అదియు చేతనైన పనియే. యుద్ధము చేయు భారమును తాను వహించెను. కొంతసేపటి క్రిందట పరుగుతీసిన యువకుడే ఆ సేన నడుమ రథము నడపెను, గోవులు మరలివచ్చినవి. కౌరవసేన తగ్గలేదు, ఉత్తరుని వంతునకు వచ్చిన పని తగ్గినది. అతని ప్రక్కన ఒక తోడు నిలిచినది. ఈ రెండే భేదములు.

నేను ఒక ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడుగా నున్న కాలమున తొమ్మిదవ తరగతి బాలిక యొకతె అర్ధసంవత్సర పరీక్షలకు వారము ముందు నా గదికి వచ్చెను. 'మాస్టారూ, చదివినదంతా మరచిపోయినాను. నాకు పరీక్ష వద్దు' అని ఏడ్చెను. చదువులో వెనుకబడిన పిల్ల కాదు. నేను ఒక తెల్లకాగితము ఆమె ముందుంచి, 'అమ్మా, నిన్ను బాధించుచున్నవన్నియు దీనిపై వ్రాయుము. నేను చదువకముందు నీవే చదువుకొనుము' అంటిని. ఆమె ఏడు విషయములు వ్రాసెను. గణితమున మూడు పాఠములు రాకుండుట. సాంఘికశాస్త్రపు నోటుపుస్తకము పూర్తికాకుండుట. తెల్లవారుజామున లేచి ఇంటిపని యంతయు చేయవలసియుండుట. తల్లికి జ్వరము తగ్గకుండుట. తండ్రి పంటకొఱకు చేసిన అప్పు. ఆంగ్లపాఠము చదువునప్పుడు తోటివారు నవ్వుట. పరీక్ష తప్పినచో చదువు మాన్పింతురేమో నను దిగులు.

కాగితము నడుమ ఒక గీత గీసితిమి. అప్పు, తల్లి జ్వరము, ఇతరుల నవ్వు — ఈ మూడును ఆమె చేతిలో లేనివి. వానిని ఒక వైపు వ్రాసితిమి. గణితము, నోటుపుస్తకము, ఇంటిపని — ఇవి కొంతవరకైనను ఆమె చేతిలో నున్నవి. వానిని రెండవ వైపు వ్రాసితిమి. దినమునకు ఒక గణితపాఠములోని ముఖ్యమైన లెక్కలు మాత్రము చేయవలెననియు, నోటుపుస్తకమును స్నేహితురాలి నుండి తెచ్చుకొనవలెననియు, నీళ్లు తెచ్చు పని తమ్మునకు ఒప్పగింపవలెననియు నిర్ణయించుకొంటిమి. ఏడవది మిగిలినది. అది ఏ వైపునకును చెందదు. 'నాన్నగారిని ఎప్పుడైన అడిగితివా?' అంటిని. లేదని తల ఊపెను. ఆ సాయంకాలమే అడుగుమని చెప్పితిని.

రెండు దినముల తరువాత ఆమె తండ్రి వచ్చి, 'మాస్టారూ, చదువు మాన్పిస్తానని నేను ఎన్నడూ అనలేదే! పిల్ల ఇన్నాళ్లూ ఈ దిగులు లోపలే పెట్టుకొన్నదా?' అని కంటతడి పెట్టెను. అప్పు ఆ వారమున తీరలేదు. బాలికకు తరగతిలో మొదటి స్థానమును రాలేదు. ఆంగ్లమున మార్కులు సామాన్యముగనే వచ్చినవి. కాని ఆమె పరీక్షలన్నియు వ్రాసెను. ఏడు బరువులలో ఒకటి అడిగినంతనే తొలగిపోయినది, మూడు పనులుగా మారినవి, మూడు మిగిలినవి. మిగిలిన వానిని మోయుటకు ఆమెకు శక్తి చాలినది. మనము భయపడు విషయములలో కొన్ని ఎవ్వరిని అడుగకపోవుటచేతనే పెరుగుచుండునని నాకు ఆనాడు మరింత స్పష్టమైనది.

మన రైతులకు ఈ విభజన తరతరములుగా తెలిసినదే. తొలకరి కొఱకు ఆకాశమువైపు చూచువాడు మేఘమును ఆజ్ఞాపింపజాలడు. అయినను దుక్కి సిద్ధముచేయును, విత్తనములు ఏర్చి ఉంచును, గట్లు సరిచేయును. వాన తన చేతిలో లేదు. వాన వచ్చునప్పటికి పొలము సిద్ధముగా నుండుట తన చేతిలో నున్నది. ప్రశ్నపత్రమున ఏ ప్రశ్న వచ్చునో మీ చేతిలో లేదు. నేటి సాయంకాలము ఏ పాఠము చదువవలెనో మీ చేతిలో నున్నది.

కావడి మోయువాడు భుజము మార్చుకొనును; అలసినచోట కావడి దింపి విశ్రమించును. అందుచే అతనిని సోమరియని ఎవ్వరును అనరు. మీరును అట్లే చేయవలెను. పదుమూడు మొదలు పదునెనిమిది సంవత్సరముల వయస్సు వారికి దినమునకు 8 నుండి 10 గంటల నిద్ర కావలెనని వైద్యులు చెప్పుచున్నారు. నిద్రలోనే మనము చదివినది జ్ఞాపకమున కుదురుకొనును. కావున పరీక్ష ముందటి రాత్రి తెల్లవార్లు మేలుకొనుట కావడిలోని నీటిని దారిలో ఒలుకబోసికొనుటయే. దినమునకు కనీసము 60 నిమిషములు పిల్లలు దేహమునకు శ్రమ కలుగునట్లు మెలగవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించుచున్నది. కబడ్డీ ఆడుడు, సైకిలు త్రొక్కుడు, త్రాడాట ఆడుడు. చరవాణిని పడకయొద్దకు చేర్చకుడు. గుండె దడ హెచ్చినప్పుడు నెమ్మదిగా ఊపిరి పీల్చి, అంతకంటె నెమ్మదిగా విడువుడు. ఊపిరి విడుచునప్పుడు గుండెవేగము కొంచెము తగ్గును. ప్రశ్నపత్రము అందుకొనిన పిమ్మట అట్లు అయిదు పర్యాయములు చేసి, తరువాత తెలిసిన ప్రశ్నతో ప్రారంభింపుడు. ఉత్తరునకు జమ్మిచెట్టువలె మీకు ఆ మొదటి ప్రశ్న ఉపకరించును.

ఇక నా మనస్సును మిక్కిలి కలచు విషయమొకటి చెప్పవలసియున్నది. పరీక్షాఫలితములు వెలువడిన దినములలో ఇల్లు విడిచిపోయిన పిల్లలను గూర్చి వినుచున్నాము. ప్రాణములపై ఆశ వదలుకొనిన వారును కలరు. ఒక కాగితముపై నున్న అంకె మనుష్యుని వెలను తెలుపజాలదు. అది ఆ దినమున, ఆ ప్రశ్నలకు, ఆ మూడు గంటలలో వ్రాసిన సమాధానముల వెలను మాత్రమే తెలుపును. పదవ తరగతి తప్పినవారు అదే సంవత్సరమున మరల వ్రాయుటకై సప్లిమెంటరీ పరీక్షలు ఏర్పాటు చేయబడియున్నవి. పరీక్షకు రెండవ అవకాశము కలదు, ప్రాణమునకు లేదు.

కావున బరువు మితిమీరినదని తోచిన దినమున ఒంటరిగా కూర్చుండకుడు. తల్లితోనో, తండ్రితోనో, అమ్మమ్మతోనో, మీకు నమ్మకమైన ఉపాధ్యాయునితోనో చెప్పుడు. మొదట చెప్పినవారు వినిపించుకొననియెడల రెండవవారితో చెప్పుడు. ఇంటిలో చెప్పుకొనుటకు వీలులేనివారి కొఱకు భారతప్రభుత్వము 2022 అక్టోబరులో టెలీ-మానస్ అను సేవను ప్రారంభించినది. 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేసి, తెలుగులోనే మాటలాడవచ్చును. ఆపదలో నున్న బాలబాలికల కొఱకు 1098 అను సంఖ్య కలదు. జ్వరము వచ్చినప్పుడు వైద్యుని చూచుట సిగ్గు కాదు. మనస్సు అలసినప్పుడు సాయము కోరుటయు సిగ్గు కాదు.

బాలబాలికలారా! మీ తరగతిలో కొన్ని దినములుగా మాటలాడని తోటి విద్యార్థి యుండవచ్చును. మధ్యాహ్నభోజనపు పళ్లెము ముట్టని బాలిక యుండవచ్చును. చదువునప్పుడు తడబడిన గొంతు వినబడవచ్చును. అప్పుడు నవ్వకుడు. ప్రక్కన కూర్చుండి, 'ఏమైనది?' అని యడుగుడు. మీ నోటుపుస్తకము ఇచ్చుడు. ఆ పిల్ల భుజముపై ఎన్ని బిందెలున్నవో మీకు తెలియదు; కాని ఒక బిందె దింపుటకు మీ చేయి చాలును.