పుణ్ణ చెప్పిన కారణం

థేరీగాథలో పుణ్ణ గాథలు పదహారు. ఒక రాత్రిలో అయిపోతాయనుకున్నాం. మూడు వారాలు పట్టింది.

మాది చిన్న చదువరుల బృందం. శుక్రవారం రాత్రి జూమ్‌లో కలుస్తాం. అందరికీ వీలైన ఆదివారం వదిలి శుక్రవారం పెట్టుకున్నది మాలో ఒక చెల్లెలి కోసం. కోనసీమ అమ్మాయి, కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. ఇంటిపనివాళ్ళకు వారానికొక రోజు సెలవివ్వాలని ఆ దేశం 2015లోనే చట్టం చేసింది. చట్టం రోజు అంటుంది, ఆ ఇల్లు పూట ఇస్తుంది. మనకు రాత్రి తొమ్మిదైతే ఆమెకు సాయంత్రం ఆరున్నర. మిగతావాళ్ళలో రిటైరైన తెలుగు మాస్టారు, ఒక నర్సు, విశాఖ తీరంలోని మత్స్యకార కుటుంబం నుంచి వచ్చి ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రాడు, ఇంకో ఆరేడుగురు. కొందరు దీక్ష తీసుకున్నారు, కొందరు ఇంకా గుమ్మం దగ్గరే నిలబడి చూస్తున్నారు.

పాళీ మూలం ఇప్పుడు తెలుగు లిపిలోనే ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. ఒకరు మూలం పైకి చదువుతారు. మాస్టారు మాటలు విడదీస్తారు. 1909లో కరోలిన్ రైస్ డేవిడ్స్ చేసిన ఇంగ్లీషు అనువాదమూ, 2015లో వచ్చిన చార్లెస్ హాలిసే అనువాదమూ పక్కన పెట్టుకుని నేను మామూలు తెలుగులో చెబుతాను. పాళీ మనకు పరాయిదేమీ కాదు. ఉదకం, ముసలం, దాసి, దండం అంటుంటే సగం అర్థం అయిపోతూనే ఉంటుంది. ముత్త అనే థేరి తనకు మూడు వంకరల పీడ వదిలిందని చెప్పి రోలు, రోకలి, మొగుడు అని లెక్క పెట్టిన రోజు, మైకులు ఆపుకోవడం కూడా మరిచిపోయి ఆడవాళ్ళంతా నవ్వారు.

పుణ్ణ దగ్గర మాత్రం నవ్వు రాలేదు. ఆమె శ్రావస్తిలో అనాథపిండికుడి ఇంటి దాసి కూతురు. నీళ్ళు మోయడం ఆమె పని. చలికాలంలో నదిలో దిగి వణుకుతున్న ఒక బ్రాహ్మణుణ్ణి చూసి, నేనైతే యజమానురాళ్ళ కర్రకూ నోటికీ భయపడి దిగుతున్నాను, నువ్వు ఎవరికి భయపడి దిగావయ్యా అని అడుగుతుంది. పాపం కడుక్కోవడానికి అంటాడాయన. అలాగైతే కప్పలూ తాబేళ్ళూ నీటిపాములూ స్వర్గానికి పోవాలి కదా అంటుంది. పాపాన్ని కొట్టుకుపోయే నది పుణ్యాన్ని మాత్రం వదిలేస్తుందా అని కూడా అడుగుతుంది. ఇన్నేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగాను, ఇంతకంటే నిలువుగా సాగిన క్రాస్ ఎగ్జామినేషన్ వినలేదు.

ఓడిపోయిన బ్రాహ్మణుడు తన స్నానపు వస్త్రం ఆమెకు ఇవ్వబోతాడు. నీ దగ్గరే ఉంచుకో అంటుంది పుణ్ణ. నేనింతకు ముందు రెండుసార్లు చదివి కూడా ఇక్కడ ఆగలేదు. అనువాదకులకూ ఇది దారిలో వచ్చే ఒక గాథ, అంతే. కువైట్ చెల్లెలు మైక్ తీసి, "అక్కా, అది ఇంకోసారి చదవండి" అంది. చదివాను. "పాత బట్టలిస్తారక్కా మాకు. జీతం రెండు నెలలు ఆగినప్పుడు కూడా ఇచ్చారు. వద్దంటే పొగరంటారు. ఈవిడ వద్దంది చూశారా" అంది. ఆ వారం అక్కడితో ఆపేశాం.

రెండో వారం మాస్టారు అట్ఠకథ తెచ్చారు. ధమ్మపాలుడు రాసిన వ్యాఖ్యానం, గాథల తర్వాత ఎన్నో శతాబ్దాలకు వచ్చింది. పుణ్ణ దాసిగా పుట్టడానికి పూర్వజన్మలో ఆమెకున్న అహంకారమే కారణమని అందులో ఉంది. ఇది వినగానే కుర్రాడు మండిపడ్డాడు. "దీనికోసమా మనం మతం మారింది? ఆ పుస్తకం అవతల పడెయ్యండి సార్" అన్నాడు. మాస్టారికి బాధ కలిగింది. అదీ మన సాహిత్యమే కదా, పడేస్తే మిగిలేదేమిటని ఆయన. చెల్లెలు మాత్రం నెమ్మదిగా అడిగింది, "అయితే నేనిక్కడ అంట్లు తోముతున్నదీ అందుకేనా అక్కా? మా ఊళ్ళో చర్చికి పోకముందు మా అమ్మమ్మకి గుళ్ళో ఇదే చెప్పారంట."

నేను చెప్పింది ఇది. కేసులో సాక్షి వాంగ్మూలం ఒకటి ఉంటుంది. ఘటన చూడనివాడు ఎప్పుడో తర్వాత రాసిన కథనం ఒకటి ఉంటుంది. రెండూ ఫైల్లో ఉంటాయి, కానీ రెండింటి బరువు ఒకటి కాదు. చల్లటి నీళ్ళలోకి ఎందుకు దిగావని అడిగితే పుణ్ణ తన నోటితో చెప్పిన కారణం కర్ర. గత జన్మ అనలేదు. ఆమె గాథల్లో ఎక్కడా ఆ మాట లేదు. బాబాసాహెబ్ కూడా 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో ఈ ముడి దగ్గర తప్పించుకుపోలేదు. పేదల దుస్థితికి సమాజం జవాబు చెప్పుకోకుండా తప్పుకోవడానికే పూర్వకర్మ సిద్ధాంతం పనికొస్తుందని తేల్చారు. కాబట్టి అట్ఠకథ చదువుదాం, అట్ఠకథ అని పేరు పెట్టి చదువుదాం అన్నాను. కుర్రాడు ఒప్పుకున్నాడు గానీ మనసారా కాదు.

పైగా ఆ అట్ఠకథలోనే ఇంకో సంగతి దొరికింది. పుణ్ణ వాదన గెలిచాక అనాథపిండికుడు ఆమెను దాస్యం నుంచి విడిచిపెట్టాడట. ఆ తర్వాతే సంఘంలో చేరింది. విడుదలైనవాళ్ళను పాళీలో భుజిస్స అంటారు. దాసులకు పబ్బజ్జ ఇవ్వకూడదని వినయపిటకంలో నియమం ఉందని నేను చెప్పేసరికి నర్సు ఉండబట్టలేక, "అంటే యజమాని వదిలితేనే చీవరమా?" అంది. అవును, అంతే. బయట రాజ్యంలో బానిసత్వం చట్టబద్ధంగా ఉన్నప్పుడు సంఘం దానితో తగాదా పెట్టుకోలేదు. దీన్ని మనం మనలో మనం ఒప్పుకోకపోతే, ఎదుటివాడు ఎప్పుడో సభలో మన మొహాన పెట్టి చదువుతాడు. చెల్లెలు తన పాస్‌పోర్టు ఇంకా మేడమ్ బీరువాలోనే ఉందని అంది. దాన్ని అట్టే పెట్టుకోకూడదని ఆ 2015 చట్టమే చెబుతోందని చెప్పాను. ఎంబసీకి అర్జీ ఎలా రాయాలో సమావేశం అయ్యాక వేరేగా మాట్లాడుకున్నాం.

మూడో వారం కుర్రాడిది. నీళ్ళతో పాపం పోతే ఎవరెవరు బయటపడిపోతారో పుణ్ణ చెప్పే జాబితా ఒకటుంది. గొర్రెలు కోసేవాళ్ళు, పందులు కోసేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, వేటగాళ్ళు, దొంగలు, తల తీసే తలారులు. "మా నాన్న దొంగ పక్కన నిలబడి ఉన్నాడు ఈ లెక్కలో" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. మాస్టారు సమ్మా ఆజీవం సంగతి మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. తర్వాత అమరావతి సంగతి ఎత్తారు. అక్కడ విధికుడనే చర్మకారుడు పూర్ణఘటం చెక్కిన ఫలకం దానమిచ్చి, తన వృత్తి పేరును శాసనంలో వేయించుకున్నాడు. బౌద్ధుల ముందు వృత్తి దాచుకోవాల్సిన అవసరం అతనికి రాలేదని మాస్టారి మాట. నేను బాబాసాహెబ్ అహింస గురించి రాసింది గుర్తుచేశాను. చంపాలన్న కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అని ఆయన విడదీశారు. తుఫాను హెచ్చరిక లేని ప్రతి తెల్లవారుజామునా పడవెక్కే మనిషిది ఏదో చెప్పక్కర్లేదు.

కుర్రాడు అంతా విన్నాడు. "అది బాబాసాహెబ్ మాట మేడమ్. విధికుడిది రాయి మీది మాట. పుణ్ణ మాట కాదుగా. ఎవరి మాట వాళ్ళ పేరు మీదే చదవాలని పోయిన వారం మీరే అన్నారు" అన్నాడు.

నిజమే. మా నోట్సులో పుణ్ణ గాథల కింద అది అలాగే రాసుకున్నాం, పక్కన జవాబేమీ రాయలేదు. దాసి కూతురు కూడా ఇంకో పేదవాడి పనిని దొంగతనం సరసన పెట్టగలిగింది అన్న సంగతి నన్ను ఇప్పటికీ గుచ్చుతోంది. ఆమె మీద గౌరవం తగ్గలేదు. కర్ర గురించి చెప్పిన నోరే ఇదీ చెప్పింది, రెండూ ఆమెవే.

అంబపాలి, రోహిణి అయ్యాక చాప గాథలు వస్తాయి. వేటగాళ్ళ పల్లె పిల్ల ఆమె. అవి పైకి చదివేది తానేనని కుర్రాడు ఇప్పుడే చెప్పి పెట్టుకున్నాడు.