దొరవారిసత్రం షెడ్డులో ఒక పింగాణీ దిమ్మె

చలికాలంలో దొరవారిసత్రం వచ్చేవాళ్లు చాలావరకు నేలపట్టు పక్షుల కేంద్రంలోని గూడబాతుల కోసం వస్తారు. నేను మాత్రం హైవే పక్కన లారీల షెడ్డు ముందు దిగాను. మేనకూరు సెజ్‌లో సరుకు దించి వస్తున్న బీఎస్-6 లారీ ఒకటి అక్కడ నిలబడి ఉంది. దాని పొగగొట్టం భాగాలు విప్పి గోనెపట్టా మీద పరిచారు.

“లోపల ఏముందో చూడండి సార్” అంటూ మెకానిక్ కుర్రాడు స్టీలు డబ్బాను వెలుతురుకి తిప్పాడు. పింగాణీ దిమ్మె. తేనెపట్టులా అంతా కంతలే, అవతలి వెలుతురు కనబడుతోంది. వేలితో తడిమితే గరుకు. ఆ కంతల గోడలకు అల్యూమినా పూత, పూతలో కంటికి ఆననంత సన్నని ప్లాటినం, పెల్లేడియం రేణువులు. ఇంజన్లో సగం కాలిన డీజిలు ఆవిరి, కార్బన్ మోనాక్సైడు ఆ రేణువుల మీద ఆక్సిజన్‌తో కలిసి బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి అయిపోతాయి. సుమారు 200 డిగ్రీల వేడి ఎక్కితేగాని పని సరిగా సాగదు. గంధకం దీనికి పడదు. అందుకే 2020 ఏప్రిల్ 1 నుంచి డీజిల్లో గంధకాన్ని 50 పీపీఎం నుంచి 10కి దించారు.

“దీన్ని పీకేసి ఉత్త గొట్టం పెట్టమంటారు సార్ కొందరు. మేం పెట్టం.”

ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. ఈ రోడ్డు పక్క ఊళ్లలో పిల్లలు పీల్చేది ఈ లారీల పొగ కలిసిన గాలే.

ఈ దిమ్మె పని అందినదంతా కాల్చేయడం. మందుల తయారీలోనూ ఇలాంటి ఆక్సీకరణ కావాలి గానీ, అలా అంతా కాల్చేస్తే కుదరదు. అణువులో ఒక్కచోట ఆక్సిజన్ అతికించి, అక్కడితో ఆపాలి. అసలు కష్టం ఆపడంలోనే ఉంది. చాలాకాలంగా దీనికి క్రోమియం లవణాలు, పర్మాంగనేటు వాడుతున్నారు. పని జరుగుతుంది గానీ, సరుకుతోపాటు లోహపు మడ్డి మిగులుతుంది. ఆరు వేలెన్సీ క్రోమియం కేన్సర్ తెస్తుంది.

మరో దారి వెతికినవాళ్లలో హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) శాస్త్రవేత్తలున్నారు. బోయపాటి మనోరంజన్ చౌదరి, తర్వాత ఆ సంస్థకు డైరెక్టరైన మన్నెపల్లి లక్ష్మీకాంతం, వారి సహచరులు 2001లో ఆస్మియంను మెగ్నీషియం, అల్యూమినియం పొరలున్న ఘనపదార్థంలో కట్టిపడేశారు. ఆస్మియం టెట్రాక్సైడు ఖరీదైనది, దాని ఆవిరి కళ్లకు చేటు. పొరలకు ధనావేశం, ఆస్మియం అయానైన ఆస్మేటుకు రుణావేశం కాబట్టి ఆస్మేటు పొరలను అంటిపెట్టుకుంటుంది. పనయ్యాక వడగడితే పొడి చేతికొస్తుంది, మళ్లీ వాడుకోవచ్చు. అణువులో ద్విబంధం ఉన్నచోటే రెండు హైడ్రాక్సిల్ గుంపులు చేరతాయి, అదీ కోరిన వైపు నుంచి. ఈ తరహా చర్యలకు దారి వేసిన అమెరికా రసాయనవేత్త షార్ప్‌లెస్‌కి నోబెల్ వచ్చిందీ ఆ ఏడాదే.

ఇలాంటి ఘన ఉత్ప్రేరకాలకు గట్టి పరీక్ష ఒకటుంది. చర్య మధ్యలో వేడివేడిగా వడగట్టి, పొడి లేని ద్రావణంలో చర్య ఇంకా సాగుతోందేమో చూస్తారు. సాగితే లోహం ద్రావణంలోకి జారుతున్నట్టే. ఏ పరిశోధన పత్రంలోనైనా నేను ముందు వెతికేది ఆ ఫలితమే.

“అయితే కంపెనీలోళ్లు ఇట్టాంటివే వాడొచ్చు గదా సార్?” అన్నాడు ఇదంతా విన్న కుర్రాడు. కొన్నిచోట్ల వాడుతున్నారు. ఇటలీలో పుట్టిన టైటానియం సిలికలైటు, హైడ్రోజన్ పెరాక్సైడు జోడీతో ప్రొపిలీన్ ఆక్సైడును భారీగా తయారు చేస్తున్నారు. పెరాక్సైడు తన పని ముగించి మిగిల్చేది నీళ్లే. మన దగ్గర రసాయన కర్మాగారానికి ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే ఉద్యోగాలెన్ని అని అడుగుతాం, అడగాల్సిందే. కాళంగి నది తెచ్చిందంతా పులికాట్ సరస్సులోకే చేరుతుంది గనక, ఆక్సీకరణకు ఏం వాడతారు, వాడాక అది ఎటు పోతుంది అనే ప్రశ్న కూడా అదే మైకులో, అదే గొంతుతో అడగాలి.