రేటింగ్ అడగని ప్రశ్నలు

"రేటింగెంత?" అన్న ప్రశ్న ఈ మధ్య ఆడపిల్లల నోట తరచుగా వింటున్నాను. జపాన్ యానిమేషన్, పిల్లల మాటలో ఎనిమే, మన ఊళ్లకి బాగానే చేరింది. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' తెలుగు మాటలతో థియేటర్లలోకే వచ్చింది. నంద్యాలలో నా దగ్గర చదువుకునే అమ్మాయిలూ, ఆళ్లగడ్డలో ఇంటర్ చదివే మా మేనకోడలూ పదికి తొమ్మిది దరిదాపుల్లో మార్కులొచ్చిన సీరియళ్ల పేర్లు గడగడా అప్పజెబుతారు. ఎనిమిదికి తక్కువున్నది చూద్దామంటే "టైం వేస్టత్తా" అంటుంది మేనకోడలు.

జాబితాలో పైనున్నవన్నీ పనికిరానివని నేననను. 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్' కథ రాసి బొమ్మలు గీసిన హిరోము అరకావా స్త్రీ. మగవాడి పేరులా వినిపించే కలంపేరు పెట్టుకుంది. ఆ పేరు ఎందుకు అవసరమైందన్నది వేరే చర్చ. నా సందేహం ఆ అంకె గురించే. ఒక సీరియల్ మూడో భాగానికి మార్కులు వేసేది మొదటి రెండూ నచ్చి మిగిలినవాళ్లే. కాబట్టి అది పైకి పోతుంది. యుద్ధాలు లేకుండా నెమ్మదిగా నడిచే కథని రెండు ఎపిసోడ్లకే వదిలేసినవాళ్లు దానికి తక్కువ మార్కులు వేసి పోతారు. ఆ సగటు చూసినవాళ్ల అలవాటుని చెబుతుంది. కథ విలువని చెప్పదు.

సాహిత్యం చదువుకున్నవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. తొలి తెలుగు కథ ఏదంటే 1910 నాటి 'దిద్దుబాటు' అని ఎన్నేళ్లు అప్పజెప్పాం! భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనే వచ్చింది. జాబితాలో లేనంత మాత్రాన కథ లేకుండా పోలేదు. వెతికే చూపే లేదు.

వెతకడానికి నేను పట్టుకున్న దారి పరిశోధనలో నేర్చుకున్నదే. సీరియల్ పేరు పక్కన పెట్టి, మూలకథ ఎవరిదో చూస్తాను. ఆ రచయిత్రి ఇంకేం రాసింది, వాటిని ఎవరు తెరకెక్కించారు అని తీగ లాగుతాను. అలా దొరికింది 2007లో వచ్చిన 'మోరిబిటో'. ఇరవయ్యారు ఎపిసోడ్లు. నాయిక బల్సాకి ముప్ఫై ఏళ్లు. ఈటె పట్టి ఒక రాకుమారుడికి కాపలా కాస్తుంది. ముప్ఫై దాటిన నాకు, పదహారేళ్ల అమ్మాయిల మధ్య ఆమె కనబడటమే ఒక ఊరట. మూలనవల రాసిన నహోకో ఉయెహాషి మానవశాస్త్ర పరిశోధకురాలు. 2014లో హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ అవార్డు అందుకుంది. రాజులు రాయించుకున్న చరిత్రకీ, ఆ నేల మీద ముందునుంచీ ఉన్న జనం జ్ఞాపకానికీ మధ్య ఘర్షణే ఈ కథకి ప్రాణం.

ఇసావో తకహాతా తీసిన 'ఓన్లీ యెస్టర్డే' కూడా ఇలా దొరికిందే. 1991లో జపాన్‌లో ఆ ఏడాది అక్కడి సినిమాల్లో అన్నిటికన్నా ఎక్కువ వసూలు చేసింది. అమెరికా థియేటర్లకి మాత్రం 2016లో చేరింది. అయిదో తరగతి ఆడపిల్లలు నెలసరి గురించి మాట్లాడుకోవడం అందుకొక కారణమంటారు. ఇరవయ్యేడేళ్ల తాయెకో నగరం నుంచి యమగతా పల్లెకి వెళ్లి, తెల్లవారకముందే కుసుమ పూలు కోస్తుంది. మంచుకి ముళ్లు మెత్తబడి ఉంటాయని ఆ వేళ. ఆ పూల ఎర్రరంగు పెద్దింటి ఆడవాళ్ల పెదాలకి చేరేది. కోసిన పిల్లలు మాత్రం దాన్ని జన్మలో పూసుకుని ఎరగరు.

మన నల్లరేగడి పొలాలకీ కుసుమ కొత్త కాదు. ఆళ్లగడ్డలో ఇది చూస్తున్నప్పుడు మా వదిన వంటింట్లోంచి వచ్చి కూర్చుంది. ఆ పూలు కోసే చోట, "మేమూ ఇట్లనే పోతాంటిమి" అంది. పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్ పని. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు గిల్లెయ్యాలి. మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి అద్దాలి. ఒక్కో పువ్వుకీ చేత్తోనే. ఆ కాలంలో కర్నూలు జిల్లాలో ఈ పనికి ఆడపిల్లల్నే పెట్టేవాళ్లు. వాళ్ల వేళ్లు సన్ననివి, కూలి తక్కువ. వదిన బడి ఆరో తరగతితో ఆగింది అందుకే.

"నాకెప్పుడూ చెప్పలేదే అమ్మా" అంది మేనకోడలు.

"నువ్వడిగితే గదా" అంది వదిన.

ఆ సాయంత్రం తల్లీ కూతుళ్లు చాలాసేపు మాట్లాడుకున్నారు. ఎన్ని సంవత్సరాలు పోయావు, కూలి ఎవరి చేతికిచ్చేవాళ్లు, మామయ్యల్ని ఎందుకు పంపలేదు. చివరి ప్రశ్నకి వదిన జవాబు చెప్పలేదు.

ఒక సినిమా ఇంతకన్నా చేయాల్సిందేముంది? ఎంతమంది మెచ్చారని కాకుండా, ఈ కథలో పనెవరు చేస్తున్నారు, ఎవరి జ్ఞాపకం మాట్లాడుతోంది అని అడిగి వెతుకుదాం. మనకి కావలసినవి తప్పకుండా దొరుకుతాయి. కొన్నిసార్లు అవి మన వంటింట్లోనే ఉండిపోయిన కథల్ని కూడా బయటికి పిలుస్తాయి.