పొద్దు వాలాక పూసే సీమ

కొండవాలు పూల ఫొటోలు అనగానే హిమాలయాల్లోని పూలలోయో, అరకు దారిలో విరగబూసిన వలిసె చేలో కళ్లముందు మెదులుతాయి. బందరు, గుడివాడ, దివిసీమల్లో కొండ లేదు. ఇది కృష్ణమ్మ మోసుకొచ్చి పరిచిన ఒండ్రునేల. అయినా సందెవెలుగులో పూలను పట్టుకోవాలనుకునే ఫొటోగ్రాఫర్‌కు ఈ చదునే పెద్ద వరం.

కొండల్లో అసలు అస్తమయానికి చాలా ముందే సూర్యుడు శిఖరం చాటుకు వెళ్లిపోతాడు, లోయంతా నీడ కమ్ముతుంది. ఇక్కడ చివరి కిరణానికి అడ్డొచ్చేది తాటిచెట్ల వరుస ఒక్కటే. పొలం మీదుగా బారుగా సాగే ఆ వెలుగు గడ్డిపరకల అంచులను కూడా వెలిగిస్తుంది. కాలవ నీళ్లు ఆకాశాన్ని రెండింతలు చేస్తాయి.

సమయం మాత్రం తక్కువ. డిసెంబరులో ఐదున్నర దాటిన కాసేపటికే పొద్దు గుంకుతుంది. ఆ తర్వాత మిగిలే మంచి వెలుగు ఇరవై నిమిషాల పైచిలుకే. కాబట్టి ఏ పువ్వు ఏ వేళకు విచ్చుకుంటుందో, ఏది ముడుచుకుంటుందో ముందే తెలిసి ఉండాలి.

మంగినపూడి లాంటి తీరాల్లో ఇసుక మీద పాకే బాలబంధి తీగనే తీసుకోండి. మేక గిట్టలాంటి ఆకులు, గరాటులాంటి ఊదా పూలు. పొద్దున విచ్చుకున్న పువ్వు సాయంత్రానికి వాడిపోతుంది. దాని కోసం సందెవేళ వెళ్లినవారికి ఆకులే దొరుకుతాయి. గంగరావి తీరు వేరు. పగలు లేత పసుపుగా ఉన్న పువ్వు పొద్దు వాలేకొద్దీ ఎరుపెక్కుతుంది. ఒకే కొమ్మ మీద రెండు రంగులూ ఒక్క ఫ్రేములో దొరికే వేళ అదే. పెరటి పందిరి మీద బీరపూలు విచ్చుకునేదీ అప్పుడే.

అన్నిటికన్నా అందమైనది కలువ. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక కృష్ణా నీళ్లు కాలవలై డెల్టా అంతా పారాయి. ఆ నీళ్లు నిలిచే గుంటల్లో, చెరువుల్లో తామరా కలువా రెండూ కనిపిస్తాయి. తామర సూర్యుడిదనీ, కలువ చంద్రుడిదనీ మన కవులు చెప్పిన మాటను వృక్షశాస్త్రమూ చాలావరకు ఒప్పుకుంటుంది. నీలికలువ పగటి పువ్వే కానీ, తెల్లకలువ చీకటి పడుతుండగా రేకులు విప్పి మర్నాటి పొద్దుటిదాకా నిలుస్తుంది.

గుడివాడ చుట్టుపక్కల కాలవల్లో ఊదారంగు తివాచీలా పరుచుకునే గుర్రపుడెక్క కూడా ఫొటోలో కొండవాలు పూలలాగే కనిపిస్తుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క నీటి పారుదలకు అడ్డుపడి, కింది చేలకు చేటు తెస్తుంది. ఆ సంగతి ఫొటో కింద రెండు ముక్కల్లో రాస్తేనే ఆ చిత్రం నిజం చెప్పినట్టు.

మసక వెలుతురులో కన్నూ కెమెరా ఒకేలా చూడవు. వెలుగు తగ్గేకొద్దీ మన కంటికి ఎరుపు నల్లబడుతుంది, నీలం తేటపడుతుంది. 19వ శతాబ్దపు చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే గమనించిన విషయమిది. కెమెరా సెన్సర్‌కు ఆ మార్పు లేదు. అందుకే గంగరావి ఎరుపు కంటికి మాయమైనా ఫొటోలో నిలుస్తుంది. కెమెరాను స్టాండు మీద నిలిపి, సముద్రపు గాలి ఒక్క క్షణం ఆగేదాకా ఓపిక పట్టడమే అసలు పని. ఫ్లాష్ వేస్తే సందె అందమంతా పోతుంది.

దివిసీమలో ఈ పచ్చదనానికి మరో విలువ ఉంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఇక్కడ వేలమందిని పొట్టన పెట్టుకుంది. బాలబంధి తీగ ఇసుకను పట్టి ఉంచుతుంది. మడ అడవి అలల దూకుడును తగ్గిస్తుంది. తీగను తొక్కకుండా, మడ మొలకలను విరవకుండా నడవాల్సింది అందుకే.

నాగాయలంక రేవులో నిలబడితే సూర్యుడు కృష్ణానది అవతలి ఒడ్డున దిగిపోతాడు. నీళ్లు ముందు బంగారంగా, తర్వాత రాగిరంగుగా, చివరికి సీసంలా మారతాయి. జనం ఫోన్లు జేబుల్లో పెట్టుకుని ఇళ్లకు మళ్లుతారు. ఊరి వెనక గుంటల్లో తెల్లకలువ మొదటి రేకు విప్పేది సరిగ్గా ఆ వేళకే.