పై వచనంలో ఏముంది నాన్నా?



మా పెద్దమ్మాయి తెలుగు మీడియంలో బి.కాం. చదివింది. ఎం.బి.ఏ. చేయాలని కిందటేడు ఐసెట్ ప్రవేశ పరీక్ష రాసింది. అప్పుడు నేను ఫిలిప్పీయులకు 4:13 వచనాన్ని అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి, ఆమె చదువుకునే చోట గోడకు తగిలించాను. "దేవుడు మాట ఇచ్చాడమ్మా, సీటు నీదే" అన్నాను. తీరా చూస్తే ర్యాంకు చాలా వెనక వచ్చింది. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో అందరూ వింటుండగా, "నీ విశ్వాసంలోనే లోపం ఉంది" అనేశాను. పిల్ల తల దించుకుంది. తరువాత చాలా రోజులు ప్రార్థనలో నోరు విప్పలేదు.

అసలు లోపం ఎక్కడుందో మా సంఘంలోని ఇంగ్లీషు టీచరమ్మ చూపించారు. ఈ పరీక్షలో 150 నిమిషాలకు 200 ప్రశ్నలు. అంటే ఒక్కో ప్రశ్నకు 45 సెకన్లే. లెక్కల ప్రశ్నలు తెలుగులో కూడా ఇస్తారు గాని, ఇంగ్లీషు భాగం ఇంగ్లీషులోనే ఉంటుంది. అందులో ఒక పాఠం ఇచ్చి, దాని కింద ప్రశ్నలు అడుగుతారు. దీనినే కాంప్రహెన్షన్ అంటారు. మా అమ్మాయి ప్రతి మాటనూ తెలుగులోకి మార్చుకునేది. ఒక్క మాట తెలియకపోతే అక్కడే ఆగిపోయేది.

ఇంకో పొరపాటు కూడా ఉంది. సాధన కోసం టీచరమ్మ డ్రిప్ సేద్యం గురించిన పాఠం ఒకటి ఇచ్చారు. మొక్క మొదట్లోనే తడుస్తుంది గనుక కలుపు తగ్గుతుందని అందులో ఉంది. పాఠం ప్రకారం లాభమేమిటన్నది ప్రశ్న. మా అమ్మాయి "నీళ్ళు ఆదా" అని గుర్తు పెట్టింది. "అది నిజమే తల్లీ! కాని ఈ పాఠంలో ఆ మాట ఎక్కడుంది? నీకు తెలిసింది కాదు, రాసినవాడు చెప్పింది వెతుకు" అన్నారు టీచరమ్మ.

ఆనాటి నుండి సాధన మారింది. ముందుగా ప్రశ్నలు చూసుకోవాలి. తరువాత పాఠమంతా ఆగకుండా ఒకసారి చదవాలి. తెలియని మాటకు అర్థం ముందు వాక్యంలోనో, తరువాతి వాక్యంలోనో వెతకాలి. 'బట్', 'హౌఎవర్' వచ్చినచోట సంగతి మలుపు తిరుగుతుంది, జాగ్రత్తపడాలి. ప్రశ్నలో 'నాట్', 'ఎక్సెప్ట్' ఉన్నాయేమో చూసుకోవాలి. పుస్తకాలు కొనలేని ఇంట్లో బైబిలే పాఠ్యపుస్తకమైంది. సులభమైన ఇంగ్లీషులో ఉండే గుడ్ న్యూస్ బైబిల్‌లో మార్కు సువార్త తీసి, రోజుకు కొంత భాగం చదివి, దాని సారాంశం తెలుగులో ఒక్క వాక్యంగా చెప్పేది. పిమ్మట తెలుగు బైబిలు తెరిచి సరిచూసుకునేది.

ఒక సాయంత్రం గోడ మీది అట్టను చూస్తూ, "పై వచనంలో ఏముంది నాన్నా?" అని అడిగింది. ఇన్నేళ్ళ విశ్వాసిని, వెంటనే చెప్పలేకపోయాను. బైబిలు తెరిచి చదివాం. పౌలు బంధకాలలో ఉండి రాసిన పత్రిక అది. కడుపు నిండినా, ఆకలితో ఉన్నా, కలిగినా, లేకపోయినా తృప్తిగా ఉండడం నేర్చుకున్నానని అక్కడ అంటున్నాడు. నేను గోడకు తగిలించింది సీటు ఇప్పించే వాగ్దానం కాదు. సీటు రాని రోజును కూడా భరించగల బలం గురించిన మాట అది. నేను కూడా పాఠంలో లేని జవాబుకే గుర్తు పెట్టాను.

కింది వచనం కూడా చదివాం. తన శ్రమలో ఫిలిప్పీవారు పాలుపంచుకున్నందుకు పౌలు వారిని మెచ్చుకున్నాడు. ఇక నాకు మాట రాలేదు. నా బిడ్డ శ్రమలో ఉన్నప్పుడు నేను పాలుపంచుకోలేదు సరికదా, నిందించాను. అందరి ముందు అన్న మాటకు అందరి ముందే క్షమించమని అడిగాను. ఆ రాత్రి ముగింపు ప్రార్థన మా అమ్మాయే చేసింది.

ఆమె మళ్ళీ పరీక్షకు సిద్ధపడుతోంది. ర్యాంకు ఎలా వస్తుందో ప్రభువుకే తెలుసు. అట్ట ఇంకా గోడ మీదే ఉంది. ఇప్పుడు దాని మీద 11 నుండి 14 వరకు నాలుగు వచనాలు ఉన్నాయి.

తల్లిదండ్రులారా, పిల్లలకు ఒక వచనం చేతికిచ్చే ముందు దాని పైదీ, కిందిదీ మనం చదువుదాం. ప్రభువు మనకు గ్రహింపు దయచేయును గాక. ఆమేన్.